విద్యార్థికి పెద్దల ప్రోత్సాహం: మనపై ఉన్న అమానత్

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మానవుణ్ణి సృష్టించి, అతనికి నేర్చుకునే శక్తిని ప్రసాదించాడు. మానవజాతికి బోధకునిగా వచ్చిన అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, ప్రియ సహచరులపై అల్లాహ్ శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేమూ, మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించాలని ఉపదేశించుకుంటున్నాము. మన సంపాదనను గురించే గాక, మన చేతికి అప్పగింపబడిన బిడ్డలను గురించి కూడా తీర్పుదినాన మనం సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

హిరా గుహలో అవతరించిన మొట్టమొదటి వహీ చదవమనే ఆజ్ఞతో ఆరంభమయిందని మనందరికీ తెలుసు. ఆ ఆజ్ఞ విన్న వెంటనే ఏమి జరిగిందో కూడా మనం గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త (స) కంపిస్తూ ఇంటికి చేరుకున్నారు. తనకు ఏమవుతుందోనని భయం వ్యక్తం చేశారు. అప్పుడు హజ్రత్ ఖదీజా (రజి) ఆయనకు దుప్పటి కప్పి, భయం తగ్గేదాకా కనిపెట్టుకొని ఉన్నారు. అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ అవమానపరచడని ధైర్యం చెప్పారు. అంతటితో ఆగక, అందుకు తగిన నిదర్శనాలను కూడా ఎత్తిచూపారు: ఆయన బంధుత్వాలను నిలుపుతారు, బరువు మోయలేనివారి బరువు మోస్తారు, పేదలను ఆదుకుంటారు, అతిథులను ఆదరిస్తారు. ఆ తరువాత గ్రంథజ్ఞానం కలిగిన తన బంధువు వరఖా బిన్ నౌఫల్ వద్దకు ఆయనను స్వయంగా తోడ్కొని వెళ్ళారు.

సోదరులారా! చదవమనే దైవాజ్ఞ తరువాత ఈ ఉమ్మత్ చరిత్రలో మొదట వినిపించిన మానవ స్వరం ఒక ఆప్తురాలి ప్రోత్సాహ స్వరం. ఆ ప్రోత్సాహంలో మూడు అంశాలు ఉన్నాయి. మొదటిది, దగ్గర కూర్చొని భయాన్ని తగ్గించడం. రెండవది, ఎదుటివారిలో నిజంగా ఉన్న మంచిని కళ్ళారా చూసి చెప్పడం. మూడవది, తెలిసినవారి దగ్గరకు చేయిపట్టి తీసుకువెళ్ళడం. చదువుకునే బిడ్డకు మనం ఇవ్వవలసిన ప్రోత్సాహం కూడా ఇదే.

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో నివసించే మనకు ఇది ప్రతి ఇంటి విషయం. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, రుద్రారం పరిసరాలలోని మస్జిదులలో వరుసలు తీరి నిలబడేవారు ఎవరు? మందుల కంపెనీలలో, రసాయన కర్మాగారాలలో పనిచేసేవారు. వెల్డర్లు, మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, హమాలీలు, చిన్న దుకాణాలు నడుపుకునేవారు. తాతల కాలం నుంచి ఇక్కడ ఉన్నవారితోపాటు బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బెంగాల్ నుంచి జీవనోపాధి కోసం వచ్చినవారు కూడా మన పక్కనే నిలబడి నమాజు చేస్తున్నారు. తండ్రి నైట్ షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే వేళకు బిడ్డ బడికి బయలుదేరుతుంటాడు. బిడ్డ బడి నుంచి తిరిగివచ్చే వేళకు తండ్రి నిద్రలో ఉంటాడు, లేదా ఓవర్‌టైమ్‌కు వెళ్ళి ఉంటాడు. ఒకే గదిలో నివసిస్తూ కూడా వారం రోజులు తీరిగ్గా మాట్లాడుకోని తండ్రీబిడ్డలు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఇది హలాల్ సంపాదన కోసం చేస్తున్న శ్రమ. ఆ శ్రమకు అల్లాహ్ వద్ద తప్పక ప్రతిఫలం ఉంది. అయితే ఆ సమయంలో బిడ్డ చదువును గురించి అడిగేవారు మరొకరు ఉండాలి.

ఈ ప్రాంతంలో విద్యాసంస్థలకు కొదువ లేదు. ప్రపంచదేశాల శాస్త్రవేత్తలు పనిచేసే ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులోనే నెలకొల్పబడింది. 2008లో ప్రారంభమైన హైదరాబాద్ ఐఐటీ నేడు సంగారెడ్డి పక్కనే కందిలో ఉంది. ముంబయి రహదారిపై ఆటోలలో, బస్సులలో తిరిగే మన పిల్లలు ఆ ప్రహరీగోడలను ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఆ గోడల వెనుక ఏమి జరుగుతుందో, అక్కడికి చేరే దారి ఏ తరగతి నుంచి మొదలవుతుందో చెప్పే మనిషి ఉంటే ఆ బిడ్డకు అదొక గమ్యం అవుతుంది. చెప్పే మనిషి లేకపోతే అది రోడ్డు పక్కన ఉన్న గోడగానే మిగిలిపోతుంది.

ముస్లిముల స్థితిగతులపై 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఒక చేదు నిజాన్ని మన ముందుంచింది. ఆరు నుంచి పద్నాలుగు సంవత్సరాల వయసుగల ముస్లిం బాలబాలికలలో 25 శాతం మంది అసలు బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో బడి మానివేశారు. ఆ తరువాత 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. ఆ వయసు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కుగా లభించింది. 2016లో సవరించిన చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. పాఠశాల సమయం తరువాతో సెలవుల్లోనో సొంత కుటుంబానికి చేసే సాయం వంటి కొన్నింటికే మినహాయింపు ఇచ్చింది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదని కూడా ఆదేశించింది. చట్టం బడి తలుపు తెరిచి ఉంచగలదు. పదిహేనేళ్ళ కుర్రవాడి ఎదుట ఒకవైపు పుస్తకం, మరోవైపు లేబర్ కాంట్రాక్టర్ చూపించే నెలజీతం ఉన్నప్పుడు, వాడి మనసును పుస్తకం వైపు నిలిపే పని చట్టం చేయలేదు. వాడు నమ్మే మనిషి ఒకరు చేయగలరు.

సోదరులారా! మన పూర్వీకులు ఈ పనిని ఎలా నిర్వహించారో చూద్దాం.

ఒకసారి దైవప్రవక్త (స) తన సహచరులను ఒక ప్రశ్న అడిగారు. ఆకులు రాల్చని ఒక చెట్టు ఉంది, అది విశ్వాసిని పోలి ఉంటుంది, అదేమిటో చెప్పమన్నారు. అది ఖర్జూర వృక్షమని బాలుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మనసుకు తట్టింది. కాని పెద్దలందరూ మౌనంగా ఉండగా తాను మాట్లాడటానికి ఆయన సిగ్గుపడ్డారు. తరువాత ఈ సంగతి తండ్రికి చెప్పారు. ఇక్కడ తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) పలికిన మాటను గమనించండి. నీవు ఆ జవాబు చెప్పి ఉంటే నాకు గొప్ప సంపద దొరికినదానికన్నా ఎక్కువ ఇష్టంగా ఉండేదన్నారు. పెద్దల ముందు నోరెత్తలేదని మెచ్చుకోలేదు, తెలిసి కూడా చెప్పలేదేమని తిట్టలేదు. నీ తెలివి నాకు సంతోషం కలిగిస్తుందని మాత్రం తెలియజేశారు. మళ్ళీ అవకాశం వచ్చినప్పుడు ఆ బాలుడు మౌనంగా ఉండగలడా?

అదే ఉమర్ (రజి) ఖలీఫా అయిన తరువాత, వయసులో చిన్నవారైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి)ను బద్ర్ యుద్ధంలో పాల్గొన్న పెద్దల సభలో కూర్చోబెట్టేవారు. మా ఇళ్ళలోనూ ఇతని ఈడు కుమారులు ఉన్నారు గదా అని కొందరు ఆక్షేపించినా ఆయన ఆ అలవాటు మానలేదు. ఒకనాడు ఒక ఆయతు భావాన్ని గురించి చర్చ జరుగుతుండగా, తనకేదో తోస్తోందని ఇబ్నె అబ్బాస్ సంకోచిస్తూ అన్నారు. ఉమర్ (రజి) ఆయనను అన్నకొడుకా అని ఆప్యాయంగా పిలిచి, నిన్ను నీవు తక్కువ చేసుకోకుండా చెప్పమని ప్రోత్సహించారు. ఉమ్మత్‌కు లభించిన మహా ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఆ విధంగా పెద్దల నడుమ నోరు విప్పారు.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తండ్రిని కోల్పోయిన బాలుడు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు ఆయన వయసు పదకొండేళ్ళు. ఈ బాలుడు పదికి పైగా సూరాలు కంఠస్థం చేశాడని ఆయన బంధువులు ప్రవక్త (స) సన్నిధికి తీసుకువెళ్ళి పరిచయం చేశారు. ఆయన ఆ పారాయణం విని సంతోషించారు. కాలక్రమంలో యూదుల లిపి నేర్చుకునే బాధ్యతను జైద్‌కు అప్పగించారు. పదిహేను రోజులలోనే జైద్ దానిలో నైపుణ్యం సంపాదించారు. అనంతరం హజ్రత్ అబూబకర్ (రజి) ఖుర్ఆన్‌ను ఒకచోట సంకలనం చేసే మహత్కార్యానికి ఆయననే ఎన్నుకున్నారు. పొగడ్త ఒక పూట సంతోషాన్నిస్తుంది. అప్పగించిన పని మాత్రం, పెద్దలు నన్ను నమ్మారనే భావాన్ని జీవితాంతం నిలుపుతుంది.

ఇంకొక సంఘటన. కూఫా నగరంలో ఒక యువకుడు వ్యాపార నిమిత్తం బజారుకు వెళుతూ ఉండేవాడు. దారిలో ఇమాం షాబీ (రహ్మ) అతణ్ణి పిలిచి, ఎవరి వద్దకు వెళుతున్నావని అడిగారు. బజారుకని అతడు చెప్పాడు. నేను అడిగింది విద్వాంసులలో ఎవరి వద్దకని అంటూ, నీలో చురుకుదనం, మేలుకొన్న బుద్ధి కనిపిస్తున్నాయి, విద్యను నిర్లక్ష్యం చేయకు అని ఆయన హితవు చెప్పారు. ఆ మాట యువకుని హృదయంలో నాటుకుంది. అతడే తరువాతి కాలంలో ఇమాం అబూహనీఫా (రహ్మ)గా లోకప్రసిద్ధులయ్యారు. దారిన పోయే కుర్రవాణ్ణి ఆపి మాట్లాడటానికి ఇమాం షాబీకి పట్టిన సమయమెంత? కొద్ది నిమిషాలు!

తాను పొందిన ఆ మేలును అబూహనీఫా తన వద్దనే ఉంచుకోలేదు. ఆయన శిష్యులలో అబూయూసుఫ్ అనే నిరుపేద యువకుడు ఉండేవాడు. మన ఇంట్లో పూట గడవడమే కష్టం, నీవు సంపాదన చూసుకోవాలని తండ్రి చెప్పగా, అతడు పాఠాలకు రావడం తగ్గించాడని చరిత్రకారులు పేర్కొన్నారు. శిష్యుడు కనిపించకపోవడాన్ని గురువు గమనించారు. ఆరా తీశారు. సంగతి తెలుసుకొని వంద దిర్హములున్న సంచీ చేతికిచ్చి, పాఠాలు మానవద్దని, అయిపోయినప్పుడు తెలియజేయమని చెప్పారు. ఆ తరువాత శిష్యుడు నోరు తెరిచి అడగకముందే మళ్ళీ ఇస్తూ వచ్చారు. ఆ అబూయూసుఫ్ హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించారు.

ఈ కథనంలో తండ్రిని మనం నిందించకూడదు. ఆయన తన పేదరికాన్నిబట్టి మాట్లాడారు. పాశమైలారంలో నెలజీతంతో అద్దె, రేషన్, మందులు సర్దుకునే తండ్రి కూడా అలాగే మాట్లాడవచ్చు. అందుచేతనే ఈ బాధ్యత ఒక్క తండ్రిది మాత్రమే కాదని, గమనించేవారందరిదీ అని మనం గ్రహించాలి. ఒక పిల్లవాడు రావడం మానివేశాడని మొదట గమనించినవాడే వాడిని కాపాడగలిగినవాడు.

మన దేశపు చరిత్రలో కూడా దీనికి ఉదాహరణ ఉంది. రామేశ్వరంలోని సామాన్య ముస్లిం కుటుంబంలో పుట్టిన అబ్దుల్ కలాంకు మద్రాసులోని ఎం.ఐ.టి.లో చేరడానికి దాదాపు వెయ్యి రూపాయలు అవసరమయ్యాయి. అప్పట్లో ఆ కుటుంబానికి అది పెద్ద మొత్తం. అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి తమ్ముణ్ణి చదువుకు పంపింది. తన సొంత సంపాదనతోనే ఆ గాజులు విడిపించాలని ఆయన సంకల్పించుకున్నారు. భారత రాష్ట్రపతి పదవి దాకా వెళ్ళిన ఆ ప్రయాణంలో ఒక అక్క నమ్మకం ఉంది.

సోదరులారా! ఆ నమ్మకం రెండువైపులా ఉండాలి. బిడ్డ మనల్ని నమ్మితేనే మన మాట వాడిలో పనిచేస్తుంది. ఒకసారి ఒక తల్లి ఏదో ఇస్తానని తన కుమారుణ్ణి దగ్గరకు పిలిచింది. ఏమి ఇవ్వదలచుకున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె బదులిచ్చింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ ఖాతాలో ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు. పాసైతే సైకిల్ కొనిస్తానని చెప్పి మరచిపోవడం, బడికి వచ్చి సారును కలుస్తానని చెప్పి వెళ్ళకపోవడం బిడ్డ దృష్టిలో చిన్న విషయాలు కావు. చేయగలిగినదే చెప్పాలి. చెప్పినది చేయాలి.

ఈ మాటలు మీకూ మాకూ మేలు చేకూర్చుగాక. అల్లాహ్‌ను క్షమాపణ వేడుకొనండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రం, ఆయన ప్రవక్త (స)పై దరూద్ పలికిన అనంతరం, సోదరులారా! విన్నదానిని ఆచరణలో పెట్టే మార్గాన్ని ఇప్పుడు ఆలోచిద్దాం.

పటాన్‌చెరుకు పొరుగునే రంగారెడ్డి జిల్లాలోని శంకర్‌పల్లి మండలం ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో బాలకార్మికులను బడికి చేర్చే పనిని ఆ జిల్లాలోనే ప్రారంభించింది. వెట్టిలో, పశువుల కాపుదలలో, పొలం పనులలో ఉన్న పిల్లలను శిబిరాలలో చేర్చి, వయసుకు తగిన తరగతిలో కూర్చునేలా సిద్ధం చేశారు. ఆ కృషికి నాయకత్వం వహించిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె అవార్డు లభించింది. పని చేసినవారిలో ఎక్కువమంది ఆయా గ్రామాల యువకులే. తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవారు, ఇరుగుపొరుగు ఎరిగినవారు. తల్లిదండ్రుల వద్దకు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. బడి మానిన బిడ్డను పేరుపెట్టి పిలిచి అడిగారు. మేలు ఎవరి వద్ద కనిపించినా స్వీకరించడం విశ్వాసి స్వభావం. మన పొరుగున జరిగిన ఈ పని మన మొహల్లాలలో అసాధ్యం కాదు.

కాబట్టి జమాఅత్‌లోని ప్రతి పెద్ద ఒక్కొక్క బిడ్డ చదువు బాధ్యతను స్వీకరించాలని మనవి చేస్తున్నాము. అది మీ సొంత బిడ్డ కావచ్చు, అద్దెగదిలో ఉంటున్న వలస కార్మికుని బిడ్డ కావచ్చు. ప్రతి జుమా తరువాత ఆ బిడ్డతో పది నిమిషాలు మాట్లాడండి. మార్కులెన్ని అనే ప్రశ్నకు ముందు, ఈ వారం ఏమి నేర్చుకున్నావు, ఏది అర్థం కాలేదు అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. చదువురాని తండ్రి ఎదుట బిడ్డ తన పాఠాన్ని బిగ్గరగా చదివి వినిపించినప్పుడు, ఆ శ్రద్ధే గొప్ప ప్రోత్సాహం. ఉర్దూ, హిందీ, బెంగాలీ మాట్లాడే ఇళ్ళనుంచి వచ్చి తెలుగు, ఇంగ్లీషు మీడియంలో తడబడే పిల్లలకు మన ఇంటర్, డిగ్రీ విద్యార్థులు మస్జిదు వరండాలో కూర్చొని సాయం చేయవచ్చు.

ఎనిమిదో తరగతి చదివే బిడ్డ ఉంటే, జాతీయ ప్రతిభా ఉపకార వేతనం పరీక్ష గురించి ఉపాధ్యాయులను అడగండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకు, కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించనివారికి ఆ అవకాశం ఉంది. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు లభిస్తాయి. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన కూర్చోవడం కూడా ప్రోత్సాహమే.

పదో తరగతిలో ఒక సబ్జెక్టు తప్పిన రోజున ఆ బిడ్డకు మన అవసరం అన్ని రోజులకన్నా ఎక్కువ. ఆనాడే చాచా, మామూ, పక్కింటివారు పోలికలు తెచ్చి ఎగతాళి చేస్తే, ఆ వారంలోనే వాడు కంపెనీ గేటు ముందు నిలబడతాడు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళ వయసు నుంచి పదేళ్ళపాటు దైవప్రవక్త (స) సేవలో గడిపారు. ఆ కాలమంతటిలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. ఆ ఓర్పు మనకు ఆదర్శం. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఎప్పుడో తెలుసుకొని, ఫీజు కట్టించి, అప్పటిదాకా రోజూ ఒక గంట వాడి పక్కన కూర్చోండి. పాలిటెక్నిక్, ఐటీఐ, ఓపెన్ స్కూల్ మార్గాలను గురించి చెప్పండి. పనితో కూడిన చదువు కూడా గౌరవమైన చదువే.

ఆడపిల్లల విషయంలో ప్రత్యేకంగా చెబుతున్నాము. కాలేజీ దూరమనో, తోడు లేరనో చదువు ఆపేముందు, తోడుగా వెళ్ళేవారిని వెతకండి. ఒకే వీధి నుంచి నలుగురు అమ్మాయిలు కలిసి వెళితే నాలుగు ఇళ్ళ భయం తగ్గుతుంది. మొహల్లాలో చదువుకున్న ఆపాలు, టీచర్లు, నర్సులు వారానికొకసారి ఆ అమ్మాయిలతో కూర్చొని మాట్లాడాలని కోరుతున్నాము.

సోదరులారా! 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో చాలామంది దూర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఏ మతస్థులైనా, ఏ భాషవారైనా వారు మన పొరుగువారు. నష్టపరిహారం ఇల్లు గడపడానికి ఉపయోగపడుతుంది. పరీక్ష ఎలా రాశావు బేటా అని సాయంత్రం అడిగే తండ్రి స్థానాన్ని డబ్బు నింపలేదు. దైవప్రవక్త (స) తండ్రిని చూడని బిడ్డ. తల్లిని కూడా కోల్పోయిన తరువాత తాత అబ్దుల్ ముత్తలిబ్ ఆయనను చేరదీశారు. కాబా నీడలో తాత కోసం పరచిన ఆసనంపై బాలుడు వచ్చి కూర్చోగా పినతండ్రులు పక్కకు జరపబోయారు. ఆయన వారిని వారించి, ఈ బిడ్డకు గొప్ప స్థానం ఉందని చెప్పి, తన పక్కనే కూర్చోబెట్టుకొని వెన్ను నిమిరారు. అనాథను చేరదీయడమంటే అన్నం పెట్టడంతో ముగిసిపోదు. మన పక్కన చోటివ్వాలి, వాడి భవిష్యత్తుపై మనకు నమ్మకం ఉందని వాడికి తెలియనివ్వాలి.

ఇవాళ మస్జిదు నుంచి ఇంటికి చేరేలోగా ఒక బిడ్డ పేరు మనసులో నిశ్చయించుకోండి. వచ్చే జుమాకు ఆ బిడ్డ ఏ తరగతి, ఏ సబ్జెక్టులో వెనుకబడి ఉన్నాడు, ఎవరి సాయం కావాలి అనే మూడు సంగతులు తెలుసుకొని రండి. మస్జిదు కమిటీ పెద్దలు నమాజు తరువాత ఆ వివరాలు రాసుకుంటారు.

ఓ అల్లాహ్! మా బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించు. వారి హృదయాలలో చదువుపై ప్రేమను నిలుపు. మా నాలుకలను వారిని కుంగదీసే మాటల నుంచి కాపాడు. రాత్రింబవళ్ళు శ్రమించే తండ్రుల చెమటలో, వారికోసం ఎదురుచూసే తల్లుల ఓర్పులో శుభాన్ని ప్రసాదించు. కర్మాగారాలలో పనిచేసేవారందరినీ ప్రమాదాల నుంచి రక్షించు. తండ్రిని కోల్పోయిన ప్రతి బిడ్డకూ ఆప్యాయంగా పలకరించే పెద్దను అనుగ్రహించు. మా గురువులకు, మాకు ఒక మంచి మాట చెప్పి దారి చూపిన ప్రతి ఒక్కరికీ ఇహపరాలలో మేలు చేకూర్చు. ఆమీన్.